పటానికి కట్టిన చిలపలు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా అన్న రాజనర్సు నోరు మంచిదే, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆయన పాట ఎత్తుకుంటే ఏడ్చే పిల్లలు ఏడుపు మానేవారు. ఆ ఎండాకాలం మా కొంపనూ, మేము నమ్ముకున్న ఊళ్ళ కొంపలనూ కలిపి ముంచింది కూడా ఆ నోరే. ఇప్పుడు ఆయన లేడు. తలుచుకుంటే కోపం వస్తుందేమో అనుకుంటాను గానీ ఏడుపే వస్తుంది.

మాది పద్మశాలీలకు వాళ్ళ కులపురాణం చెప్పి బతికే వంశం. సిద్దిపేట చుట్టుపక్కల సాలెవాడలున్న కొన్ని ఊళ్ళు తాతలనాటి నుంచి మా వంతు. ఏడాదికోసారి పోయి, గుంజలకు తాడు కట్టి పటం వేలాడదీసి, చుట్ట విప్పుకుంటూ ఒక్కో బొమ్మనూ పుల్లతో చూపిస్తూ కథ చెబుతాం. అన్న పాడతాడు, నేను తాళం వేస్తూ వంత కలుపుతాను. మా వంతు ఊళ్ళో ఇంకొకడు చెప్పకూడదు. మేము పోతే వాళ్ళు వట్టి చేతులతో పంపకూడదు. మాకు పొలమూ పుట్రా అంటే ఆ కట్టుబాటే.

అది యుద్ధం నడుస్తున్న కాలం. ఎక్కడో ఎవరో కొట్టుకు చస్తుంటే ఇక్కడ మాకు కిరసనాయిలు దొరకదు, నూలు దొరకదు. నూలు మీద కంట్రోలు పెట్టి మగ్గానికింత అని కార్డు మీద ఇచ్చేవారు. అది ఏ మూలకూ వచ్చేది కాదు, కార్డుకు మించి ఇంట్లో దొరికితే జైలు. మిగతా రోజులు సాలెలు ఎక్కడి నూలుతో నేస్తున్నారని ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు. బతకాలి కదా.

సరిగ్గా ఆ ఏడే మా పటానికి ఆయువు తీరింది. మా తాత రాయించిన పటం అది. చుట్ట విప్పినప్పుడల్లా రంగు పొడిపొడిగా రాలేది. మూలపురుషుడి ముఖం దగ్గరే బట్ట చిరిగిపోయింది. చిరిగిన పటాన్ని ఆ ఒక్క ఏడాదే, అదీ కొత్తది అడగడానికే విప్పాలి. వానలు పడ్డాక దాన్ని నీళ్ళలో కలిపేయాలి. ఆలోపు కొత్తది రాకపోతే మాకు కథ లేదు, కథ లేకపోతే ఊళ్ళు లేవు.

కొత్త పటానికి బట్ట అంగట్లో కొనేది కాదు. మా వంతు ఊళ్ళలో మగ్గమున్న ప్రతి ఇల్లూ ఒక చిలప, అంటే చుట్టిన నూలు కట్ట, ఇవ్వాలి. కథలో మూలపురుషుడు తొలి దారం తీసే ఘట్టం వచ్చినప్పుడు ఒక్కొక్కరే లేచి చిలపను పటం తాడుకు కట్టాలి. కట్టినవాడి ఇంటిపేరూ పేరూ కలిపి అన్న దీవెన పాడాలి. ఆ నూలంతా ఒకే మగ్గం మీద నేసి బట్టను చేర్యాల తీసుకుపోతే అక్కడి నకాషీలు బొమ్మలు రాస్తారు. మనిషి బతుకులో ఇదొక్కసారి జరిగితే గొప్ప. అన్న ఆ దీవెన పాటను చిన్నప్పుడు మా నాయిన దగ్గర నేర్చుకున్నాడు, ఇన్నేళ్ళూ నోట్లోనే దాచుకున్నాడు.

కానీ కథ చెప్పాలంటే సర్కారు ఇజాజతు కావాలి. సభలనీ సంఘాలనీ జనం కూడుతున్నారని పైవాళ్ళకు భయం పట్టుకున్న రోజులవి. నలుగురు చేరే ఏ పనికైనా కచ్చేరీలో దస్తకత్తు పడాల్సిందే. ఆ చెప్పులరిగిన తిరుగుడు చెప్పుకోను గానీ, చివరికి కొత్తగా వచ్చిన నాయబు తహసీల్దారు మమ్మల్ని లోపలికి పిలిపించాడు. ఇజాజతులిచ్చేదీ ఆయనే, నూలు కంట్రోలు చూసేదీ ఆయనే. కచ్చేరీలో మావంటి వాళ్ళను నిలబెట్టే మాట్లాడతారు. ఈయన కూర్చోమన్నాడు. మా అన్న ఆ ఒక్క మాటకే పడిపోయాడు.

"మాది ఓరుగల్లు దిక్కే," అన్నాడు నాయబు. "చిన్నప్పుడు మా ఊర్ల గిసొంటి కథలు శాన విన్న. ఇప్పుడెవ్వలు చెప్తలేరు. ఏది, జెర చూపెట్టు."

అన్న పటాన్ని ఓ మూర విప్పాడు. నాయబు లేచి వచ్చి వంగి చూశాడు. రాలిన రంగు వేలికంటితే తుడుచుకోకుండా అట్లాగే పట్టుకుని చూసుకున్నాడు. నటన కాదు, ఆ మనిషికి నిజంగానే ఇష్టం. ఆ సంగతి ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

"జనం వస్తరా ఇంకా?" అని అడిగాడు.

"పొయ్యి మీది కుండ దించి వస్తరు దొరా."

"మీకేమిస్తరు? గీ కరువుల ఎవ్వని కడుపు వాడు చూస్కుంటుండు."

అన్నకు పౌరుషం వచ్చింది. తనను ఏమన్నా పడేవాడు గానీ కథను తక్కువ చేస్తే ఒళ్ళు మండేది. "కరువైనా కాటకమైనా మా సాలోళ్ళు ఇయ్యకుంట ఉండరు దొరా. ఈ ఏడు కొత్త పటం. ఇంటికో నూలు చిలప కడ్తరు. నేను పేరు పేరున దీవెన పాడుత. చిలప కట్టని మగ్గం మగ్గమే గాదు."

"గిప్పుడా? గింత కంట్రోల్లనా?"

"గిప్పుడే. కార్డు నూలు ఒడువనీ, ఏమన్న కానీ. పటానికంటే యాడున్నా తీస్తరు. మగ్గం గుంతల దాసింది తీస్తరు. గంత పెద్ద కథ దొరా మాది."

నాయబు రంగంటిన వేలిని బొటనవేలితో రుద్దుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఇటువంటి కళలను సర్కారు కాపాడుకోవాలని అన్నాడు. దస్తకత్తు చేసి, నంగునూరులో మొదలుపెట్టమన్నాడు, తానూ వచ్చి వింటానన్నాడు. దీపాలకు నూనె లేదు కనుక పగలే చెప్పమన్నాడు. నాకూ గర్వంగానే ఉంది. అంత పెద్ద మనిషి వచ్చి మా కథ వింటానంటే ఎవరికుండదు.

ఇంటికొచ్చేసరికి వదిన రాములవ్వ జొన్నలు విసురుతోంది. అన్న గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. నాయబు ఎలా కూర్చోమన్నాడో, ఎలా వంగి చూశాడో, ఆయన గొంతు పెట్టి ఆయనలాగే చెప్పాడు. వదిన నవ్వుతూనే వింటోంది. చిలపల సంగతి వచ్చేసరికి తిరగలి ఆపింది.

"నూలు ముచ్చట గూడ చెప్పినవా?"

"చెప్పిన. అయితేంది?"

"నూలు కంట్రోలు దొర ఆయనే గద."

"ఏం మాటలే నీయి. పటం చిలప దేవునిది. అది కంట్రోల్లకు ఎట్లొస్తది? నువ్వు నీ పిండి చూస్కో."

వదిన మళ్ళీ తిరగలి తిప్పింది. "దేవునిదని నీకెరుక, నాకెరుక. ఆయనకు ఎవలు చెప్పాలె," అన్నది. రాళ్ళ చప్పుడులో ఆ మాట అన్న దాకా చేరిందో లేదో.

నంగునూరు సాలెవాడలో కులపెద్ద నాగయ్య ఇంటి ముందు తడకల పందిరి వేశారు. వాడంతా పండగలా ఉంది. బుచ్చవ్వ అనే ముసలావిడ వచ్చినవాళ్ళందరికీ తనే చెంబుతో నీళ్ళు అందిస్తోంది. ఆమెకు ఒక్కడే కొడుకు, పర్శరాములు. చేయి తిరిగిన నేతగాడు. అన్ని ఊళ్ళ చిలపలూ కలిపి పటం బట్ట నేయడానికి కులం వాళ్ళు అతని మగ్గాన్నే ఒప్పుకున్నారు.

"మా పర్శిగాని మగ్గం మీదనే నేస్తరట బిడ్డా," అని నాకు చెంబు ఇస్తూ చెప్పింది. అంతకుముందే చెప్పింది, మరిచిపోయి మళ్ళీ చెప్పింది.

పొద్దు కొంచెం ఎక్కాక నాయబు వచ్చాడు. వెంట చప్రాసీలూ పోలీసు జవాన్లూ ఉన్నారు. నాగయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. అన్నను పందిరి వెనక్కి పిలిచాడు.

"సర్కారోళ్ళెందుకొచ్చిన్రు రాజనర్సూ?"

"కథ వినేతందుకు. మన కథ సర్కారు దాక పోయింది పెద్దయ్యా."

"విననీ. చిలపలు మాత్రం ఇయ్యాల వద్దు. ఇంకోనాడు కట్టుకుందం."

"తొలి దారం కాడ కట్టకుంటే ఇంకెప్పుడు కడ్తరు? ఆ ఘట్టం ఇడిసిపెట్టి కథ నడుస్తదా?" అన్నాడు అన్న. తర్వాత గొంతు తగ్గించాడు. "నా మాట మీద ఉండుండ్రి పెద్దయ్యా. ఆయన మంచోడు. నన్ను కూసోవెట్టి మాట్లాడిండు."

నాగయ్య పందిరిలోకి తిరిగిపోయాడు. కథ చెప్పేవాడి మాటను కులపెద్ద కొట్టేయకూడదు మరి, పటం విప్పిన రోజు ఆ వాడకు పెద్ద కథకుడే.

ఆ రోజు అన్న చెప్పినంత బాగా కథను నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. చిరిగిన ముఖం దగ్గర పుల్ల ఆనించి మూలపురుషుడి రూపాన్ని మాటలతో కట్టాడు. జనానికి చిరుగు కనిపించలేదు. నాయబు ముందు వరుసలో మంచం మీద కూర్చుని రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. తొలి దారం ఘట్టం రాగానే నాగయ్య లేచాడు. అటూ ఇటూ చూసి ఒక చిలప తాడుకు కట్టాడు. అన్న ఆయన ఇంటిపేరు ఎత్తుకుని దీవెన పాడాడు. ఆ పాటకు భయం ఎగిరిపోయింది. ఒకరి వెనక ఒకరు లేచారు. ధోవతి మడతల్లోంచి, కొంగు ముడుల్లోంచి తెల్లగా చిలపలు వచ్చాయి. ఎవరు కట్టినా వాళ్ళ ఇంటిపేరు, తండ్రి పేరు, మనిషి పేరు అన్న తీయగా, స్పష్టంగా, ఒక్క అక్షరం మింగకుండా పాడాడు. పర్శరాములు రెండు కట్టాడు, ఇంటికొకటి, మగ్గానికొకటి. అతని పేరును అన్న రెండుసార్లు పాడాడు. బుచ్చవ్వ చేతులు జోడించి కూర్చుంది.

నాయబు వెనక నిలబడిన చప్రాసీ పెదవులు కదులుతున్నాయి. వాడూ దీవెన కలుపుతున్నాడనుకున్నాను.

చివరి చిలప కట్టాక నాయబు లేచాడు. చెప్పులు విడిచి పటానికి దండం పెట్టాడు. "శాన బాగ చెప్పినవ్ రాజనర్సూ," అన్నాడు. తర్వాత చప్రాసీ వైపు తిరిగి "కానియ్యి" అన్నాడు.

చప్రాసీ పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. అన్న పాడిన వరుసలోనే పిలిచాడు. పేరు పిలిచిన ఇంట్లోకి జవాన్లు పోయారు. మగ్గం గుంతలు తవ్వారు, పైకప్పు గడ్డి లాగారు. కార్డు నూలు అయిపోయిన ఇంట్లో చిలప ఉన్నదంటే ఇంకా ఉంటుందని వాళ్ళకు తెలుసు, ఉంది కూడా. మగ్గాలకు లక్కముద్రలు వేశారు. పర్శరాములు గుంతలో అందరికంటే ఎక్కువ దొరికింది. పటం బట్టకు తక్కువ పడితే పనికొస్తుందని వాడలో వాళ్ళు ముందుగానే తెచ్చి అతని దగ్గర పెట్టారు. అది ఎవరిదని అడిగితే అతను తనదే అన్నాడు. అతని చేతులకు తాడు కట్టారు. పటం తాడుకున్న చిలపలను కూడా విప్పి మూట కట్టుకున్నారు.

అన్న పుల్ల పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నేను పటం చుట్టేశాను. మంగళం పాడలేదు.

తర్వాత అన్న కచ్చేరీకి పోయాడు. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు.

"చట్టం చట్టమే, కళ కళే," అన్నాడు నాయబు, మర్యాదగానే. "నా పని నేను చేసిన. నీ పని నువ్వు చేసినవ్, అంతకంటే బాగ చేసినవ్. నీ పటం ఆగొద్దు. మిల్లు బట్ట తాను ఒకటి తెప్పించిన, తీస్కపో. తాలూకా మొత్తానికి ఇజాజతు రాసిచ్చిన. ఎవ్వడు నిన్నాపడు."

"పర్శరాములును ఇడిసిపెట్టుండ్రి దొరా. ఆ నూలు అతనిది గాదు."

"గది నా చేతుల లేదు. ఫైసలా అయ్యేదాక జైల్లనే ఉంటడు."

"ఆ చిలపలన్న ఇప్పియ్యిండ్రి."

"అవి సబూతు రాజనర్సూ, కేసుకు సాక్ష్యం. ఎట్లిస్త?"

మిల్లు బట్టను అన్న ముట్టుకోలేదు. ఎవరి చేయీ పడని బట్ట మీద మూలపురుషుడిని ఎట్లా నిలబెడతాడు? ఇజాజతు కాగితం మాత్రం తెచ్చాడు. పొలం గుంజుకుని ఎరువు దానం చేసినట్టుంది అని నేను నాయబును తిట్టాను. అన్న కాగితాన్ని మడిచి రొంటిన పెట్టుకున్నాడు.

ఆ కాగితం పట్టుకుని మా వంతులోని ఇంకో ఊరు చింతమడక పోయాం. కబురు మాకంటే ముందే చేరింది. ఎవరూ తిట్టలేదు. ఒకరింట్లో జ్వరమన్నారు, ఒకరింట్లో మైల అన్నారు. తలుపుల వెనక మగ్గాల చప్పుడు కూడా ఆపేశారు. ఇంతకాలం జనం కథ కావాలంటే సర్కారు వద్దన్నది. ఇప్పుడు సర్కారు చెప్పుకోమన్నది, వినేవాడు లేడు.

"నంగునూరు పోదం," అన్నాడు అన్న. "మంగళం పాడకుంట కథ ఇడిసిపెట్టినం. ఊరికి అరిష్టం."

"ఇంక ఆ ఊరికి రావలసిన అరిష్టం ఏమున్నదే?" అన్నాను.

"నాకెరుక తమ్మీ. అయినా పోవాలె."

ఇంట్లో గింజలు అడుగంటాయి. వదిన చింతగింజలు వేయించి దంచి పిల్లలకు పెడుతోంది. అన్న మంగళం కోసం పోయాడు, నేను జొన్నల కోసం పోయాను.

నాగయ్య ఇంటి ముందు పందిరి లేదు. లక్కముద్రలు వేసిన మగ్గాలు గుంతల్లో అట్లాగే ఉన్నాయి. మగవాళ్ళలో చాలామంది రోడ్డు మీద మట్టి మోయడానికి పోయారు. నాగయ్య మాకు చాప వేసి మంచినీళ్ళు ఇచ్చాడు.

"మంగళం పాడి పోతం పెద్దయ్యా," అన్నాడు అన్న. "ఒక్క పాట. అంతే."

నాగయ్య చాలాసేపు చేతులు చూసుకున్నాడు. "మీకు వచ్చేది మేము తప్పియ్యం రాజనర్సూ. తాతల నాటి మాట. ఏటేట రాండ్రి, తీస్కపోండ్రి. పటం మాత్రం ఈ వాడల ఇప్పకుండ్రి."

"కథ చెప్పకుంట తీస్కుంటే అది భిచ్చం గాదా?"

"ఏమనుకుంటవో అనుకో. మాకు ఇచ్చే ధర్మం ఉన్నది. వినే ధైర్యం లేదు."

ఆయన లోపలికి పోయి మానెడు జొన్నలు తెచ్చాడు. అన్న కదలలేదు. నేనే సంచి పట్టాను. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పోసి, మా ముఖాలు చూడకుండా పోయారు. సంచి బరువెక్కుతుంటే, నిజం చెబుతున్నాను, నా కడుపుకు సంతోషంగానే ఉంది.

చివర బుచ్చవ్వ వచ్చింది. కొంగులో జొన్నలు. ఆమెను చూసి అన్న లేచి నిలబడ్డాడు.

"నీ దగ్గర తీస్కోలేనవ్వా."

"తీస్కో బిడ్డా. నా కొడుకు జైల్ల ఉన్నడు. నిన్ను ఉత్త చేతుల తోలిచ్చి ఇంకో పాపం నెత్తిన పెట్టుకోను."

అన్న భుజం మీది కండువా తీశాడు. రెండు చేతులా పరిచి ఆమె ముందు వంగాడు. ఆమె కొంగు వంచింది. గింజలు పడుతుంటే, పుట్టినప్పటి నుంచి అలవాటైన నోరు కదా, అన్న గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. దీవెన ఇంటిపేరుతోనే మొదలవుతుంది.

బుచ్చవ్వ రెండో చేయి ఎత్తి అడ్డం పెట్టింది.

"పేరు తియ్యకు బిడ్డా," అన్నది.

అన్న నోరు మూసుకున్నాడు. ఆమె కొంగు ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

మిగిలిన ఊళ్ళు కూడా అట్లాగే ఇచ్చాయి. అంత నిండుగా గింజలు మా ఇంటికి అంతకుముందు ఏ ఏడూ రాలేదు. వానలు పడ్డాక పాత పటాన్ని వాగులో కలిపాం, కొత్తది రాలేదు. ఆ ఏడు మా ఇంట్లో ఎవరూ పస్తు పడుకోలేదు. వదిన విస్తట్లో సంకటి పెట్టి పిలిస్తే అన్న వచ్చి కూర్చునేవాడు, తినేవాడు, ఒక్క మాట మాట్లాడకుండా లేచిపోయేవాడు.